నడిమి ముక్క

"నువ్వు వెళ్ళేది తిరగడానికి కాదు, పని మీద. అది మర్చిపోకు," అన్నాడు భర్త, ఆమె చివరి డబ్బాకి మూత బిగిస్తుంటే.

తెల్లవారకముందే లేచి, తను లేని రోజులకి సరిపడా వండి, చల్లార్చి, డబ్బాల్లో సర్ది, ఏది ముందు తినాలో ఏది తర్వాత తినాలో ఆయనకి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఆయన "ఊఁ" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆ "ఊఁ"ల్లో విన్నదేదో విననిదేదో ఆమెకి బాగా తెలుసు. ఇది విననిది. మూడోసారి చెబితే సణుగుడంటాడు, చెప్పకపోతే రేపు ఫోన్ చేసి అడుగుతాడు. బస్సుకి వేళవుతోందని రెండోదే మేలనుకుంది.

పని ఏమిటంటే పిన్నిని ఒప్పించడం. పిన్ని ఆమె తల్లికి చెల్లెలు. తల్లి పోయాక పుట్టింటి వైపు ఆమెకి మిగిలిన ఒకే ఒక్క గడప అది. బాబాయి కాలం చేసిన కొన్నాళ్ళకి పిన్ని వంట మానేసిందట. మానేసి ఊళ్ళో కొట్ల వెంట తిరిగి తింటోందట. "ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవట్లేదు బావా! అందరూ నవ్వుతున్నారు," అని పిన్ని కొడుకు ఫోన్లో వాపోయాడు. ఆమెతో కాదు, ఆమె భర్తతో. పిన్ని కొడుకు భార్యకి వచ్చే నెల రెండో కాన్పు. అమ్మ పట్నానికి వచ్చేస్తే అమ్మకీ కాలక్షేపం, తమకీ చేతికింద సాయం. అక్క మాటైతే అమ్మ వింటుంది. బావా బావమరదీ కలిసి ఫోన్లోనే అంతా తేల్చేశారు. ఆమె ముందు వెళ్ళి నచ్చజెప్పాలి, ఆదివారం తమ్ముడు కారేసుకొచ్చి ఇద్దరినీ తీసుకెళ్ళాలి. ఈ సంగతి ఆమెకి చెప్పేటప్పుడు భర్త గడ్డం గీసుకుంటున్నాడు. "నీకు నోట్లో నాలుక లేకపోయినా ఆవిడ దగ్గర చనువుందిగా," అన్నాడు అద్దంలోకి చూస్తూ.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన తెలిసినవాళ్ళు లేకపోవడం, ఒళ్ళో సంచి తప్ప ఇంకేమీ లేకపోవడం ఆమెకి వింతగా ఉంది. భూముల సర్వే ఆఫీసులో నక్షలు గీసే ఉద్యోగం ఆమెది. గీత తప్పు పోదని పేరుంది. కానీ పై అధికారి ఆమెని మెచ్చుకునేది మాత్రం, "మేడమ్ చేతి కాఫీ పడితే గానీ మన మీటింగు కదలదు" అని. అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది, లేచి వెళ్ళి కాఫీ కలుపుతుంది. ఎవరి పుట్టినరోజుకైనా కేకు కోసేది, పళ్ళేలు కడిగేది ఆమే. కడిగి వచ్చేసరికి కేకు పెట్టెలో అట్టకి అంటుకున్న క్రీము మిగిలి ఉంటుంది. "నాకు తీపి అంత ఇష్టముండదు," అంటుంది. ఎన్నిసార్లు అందో, అది నిజమో కాదో ఆమెకే గుర్తులేదు.

పిన్ని బస్టాండుకి రాలేదు. ఇంటి తలుపు తీసి నిలబడి, "వచ్చావా పిచ్చికా!" అని చేతులు చాచింది. చిన్నప్పుడు పిచ్చిక తిన్నట్టు తింటుందని ఆ పేరు పెట్టింది పిన్నే. ముందు గది దర్జీకి అద్దెకిచ్చినట్టుంది, మిషను చప్పుడు వినబడుతోంది. ఆమె చెప్పులు విడిచి, సంచి గోడకి ఆనించి, కొంగు నడుంకి బిగించి, తిన్నగా వెనకవైపుకి నడిచింది. ఎవరింటికి వెళ్ళినా అంతే. బంధువుల ఇళ్ళన్నీ ఆమెకి వంటింటి నుంచే తెలుసు. ఎవరి సింకు ఎత్తు తక్కువో, ఎవరి పొయ్యి ఎడమవైపు సరిగా మండదో, ఎవరింట్లో ఉప్పు ఎక్కడ దాస్తారో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆ ఇళ్ళకి డాబాలున్నాయో లేదో, పైనించి ఏం కనబడుతుందో అడిగితే మాత్రం నీళ్ళు నములుతుంది. చుట్టపుచూపుకి వెళ్ళడమంటే ఆమెకి వంటిల్లు మారడమే.

పిన్ని వంటింట్లో మంచం ఉంది.

ఆమె గుమ్మంలో ఆగిపోయింది. పొయ్యి ఉండాల్సిన గట్టు మీద పుస్తకాలు, కళ్ళజోడు, చిన్న రేడియో. సింకులో మట్టి నింపి పూల మొక్కలు పెట్టింది. మంచం తలాపున పెద్ద కిటికీ, కిటికీ అవతల ఏటి గట్టు, గట్టు మీద ఆరేసిన వలలు. చల్లటి గాలి వచ్చి ఆమె మొహానికి తగిలింది.

"పొయ్యేది పిన్నీ?"

"పక్క వీధిలో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి ఇచ్చేశా. సరదాలో ఉన్నారు, వండుకుంటారు." పిన్ని మంచం మీద కూర్చుని దిండు సర్దుకుంది. "ఇంట్లోకెల్లా మంచి కిటికీ వంటింట్లో ఉందే పిల్లా. పెళ్ళై వచ్చిన దగ్గర్నించీ దీని ముందు నిలబడే ఉన్నాను. ఒక్కసారీ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుంటున్నా."

"మరి టీ కూడా బయటేనా?"

"టీ కోసమేగా అసలు బయటికెళ్ళేది! కాళ్ళు కడుక్కో, పోదాం."

ఆ ఊరికి ఉన్నది ఒక్కటే పెద్ద వీధి. ఈ చివర దగ్గితే ఆ చివర "ఏమైందండీ?" అని అడుగుతారు. బస్టాండు దగ్గర మొదలై, గడియారాలు బాగుచేసే కొట్టు, చెప్పుల కొట్టు దాటుకుని ఏటి వంతెన దాకా వెళుతుంది. ఆ వీధిలో పిన్ని నడక చూసి ఆమె ఆశ్చర్యపోయింది. తల వంచుకుని బాబాయి వెనక నడిచే పిన్నే గుర్తుంది ఆమెకి. ఈ పిన్ని నడివీధిలో ఆగి గాలి పీల్చి, "బన్నులు ఇప్పుడే దింపాడు, పద పద," అని చెయ్యి పట్టుకు లాగుతోంది. టీ కొట్టు నడిపేది ఒక లావుపాటి ఆవిడ. మరుగుతున్న టీ మీంచి తలెత్తి, "కొత్తమ్మగారికి ఏం కావాలి? వెన్న బన్నా, జామ్ బన్నా, గుడ్డు బన్నా?" అంది.

"ఏదైనా ఫర్వాలేదండీ."

"అదొక్కటే మా దగ్గర లేదమ్మా," అంది టీ కొట్టావిడ గంభీరంగా. పక్క బల్ల మీద పేపరు చదువుకుంటున్నాయన కిసుక్కున నవ్వాడు. ఆమెకి మొహం వేడెక్కింది. ఎగతాళికి కాదు. అడిగిన మూడింటిలో తనకేది కావాలో వెతుక్కుంటే లోపల ఏమీ తగల్లేదు. ఆయనకి జామ్ అంటే ఇష్టం. హాస్టల్లో చదువుకునే కూతురికి గుడ్డు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ వెన్న. ముగ్గురి నాలుకలూ ఆమె నోట్లో ఉన్నాయి, తనది ఎక్కడ పెట్టిందో కనబడలేదు. చివరికి, "మిరియాలు వేసి గుడ్డు," అంది, పరీక్షలో తెలియని ప్రశ్నకి జవాబు రాసినట్టు. మిరియాల ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకాస్త చల్లమని అడిగింది.

సాయంత్రం వంతెన కింద చేపల కొట్టుకి తీసుకెళ్ళింది పిన్ని. పెద్ద పెనం, చుట్టూ చెక్క బల్లలు, ఎదురుగా మెల్లగా పారే ఏరు. చేపలాయన పెనం మీద ముక్కలు తిప్పుతుంటే చుయ్యిమన్న చప్పుడుకే ఆకలి రెట్టింపైంది. కూర్చున్న కాసేపటికి ఆమె లేచింది. జగ్గు తీసుకుని తమ బల్లకీ, పక్క బల్లకీ నీళ్ళు పోసింది. వెనక బల్లవాళ్ళు తిని లేస్తే వాళ్ళ పళ్ళేలు ఒకదానిలో ఒకటి పేర్చి, ముళ్ళన్నీ ఒక పళ్ళెంలోకి ఊడ్చి, కడిగే తొట్టి ఎక్కడుందా అని చూస్తోంది.

"అమ్మా," అన్నాడు చేపలాయన అట్లకాడ గాల్లో ఆపి, "పనికి చేరడానికొచ్చారా? జీతం మాట్లాడుకుందామా మరి?"

పిన్ని పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి బల్ల మీద చేత్తో కొట్టింది. ఆమె చేతిలో ఎంగిలి పళ్ళేలతో నిలబడిపోయి, ఎంతోసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు తనూ నవ్వేసింది. "కూర్చోవే! నీకు కాళ్ళలో స్ప్రింగులున్నాయా?" అంది పిన్ని. "నేనూ ఇంతేలే. మొదట్లో ఈయన దగ్గర ఉల్లిపాయలు తరిగిపెట్టి మరీ తినేదాన్ని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా దిగుల్లేదంటారు. వడ్డించేది మనమే అయితే ఏ బంతిలోనూ చోటుండదని మాత్రం ఎవరూ చెప్పరు."

చేపలాయన వచ్చి ఏ ముక్క కావాలని అడిగాడు. ఈసారి ఆమెకి వెంటనే జవాబు తట్టింది. "తోక ముక్క. నాకదే ఇష్టం." ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. అమ్మకి తోకంటే ప్రాణం అని కూతురు స్నేహితులతో కూడా చెబుతుంది. పళ్ళెం వచ్చింది. కరకరలాడుతున్న తోక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. బాగుంది. నములుతూ ఉంటే ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఒక ఆలోచన వచ్చింది. తోకంటే ఇష్టమని తెలిసి తీసుకుందా, మిగిలేది అదే కాబట్టి ఇష్టమైందా? కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నడిమి ముక్కలు మామగారికీ ఆయనకీ వేసి, తలకాయ అత్తగారికి వేసి, అందరూ లేచాక తోకతో కూర్చుంటే, "పాపం నీకు తోకేనా?" అని ఆయన అడిగాడు. అప్పట్లో ఆయన అలా అడిగేవాడు. ఆ మాటకే కడుపు నిండి, ఆయన నొచ్చుకోకూడదని, "నాకు తోకే ఇష్టమండీ," అంది. ఆయన నమ్మాడు. మర్నాటి నుంచి అడగడం మానేశాడు. ఆమె కూడా నమ్మింది.

"ఏమండీ," అని చేపలాయన్ని పిలిచింది. "ఒక నడిమి ముక్క కూడా వెయ్యండి."

నడిమి ముక్క వచ్చింది. మందంగా, పైన ఎర్రగా కాలి, విరిస్తే లోపల తెల్లగా, ఆవిరి కక్కుతూ. ఆమె నెమ్మదిగా తింది. పిన్ని ఏదో చెబుతోంది గానీ ఆమె వినడం లేదు. ఎంత మెత్తగా ఉందో, ఎంత తియ్యగా ఉందో! ఇదా వీళ్ళందరూ ఇన్నాళ్ళూ తింటున్నది? అయ్యో అనిపించింది, కోపమొచ్చింది, వెంటనే ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంటే రెండూ పక్కకి జరిగి కూర్చున్నాయి. రుచి ముందుకొచ్చింది.

"నాకు తోక ఇష్టం లేదు పిన్నీ," అంది.

"తెలిసిందా!" అంది పిన్ని, ఎవరో పరీక్ష పాసైనట్టు.

మర్నాడు పొద్దున్నే భర్త ఫోన్ చేసి, ఏ డబ్బా ముందు తినాలని అడిగాడు. చెప్పింది. "మీ పిన్నితో మాట్లాడావా?" అంటే, "ఇంకా లేదు," అంది. "మరి రెండు పూటలూ ఏం చేశావ్?" అన్నాడు. "తిన్నాను," అంది. అటువైపు ఆయన నవ్వాడు, హాస్యమనుకుని.

ఫోన్ పెట్టేసి ఇక తప్పదని పిన్ని పక్కన మంచం మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. పిన్ని కిటికీలోంచి ఏటి వైపు చూస్తూ విని, "నువ్వు దిగినప్పుడే తెలుసు. వాడికి స్వయంగా అడిగే ధైర్యం లేదు. చిన్నప్పటినించీ అంతే, చింపిన చొక్కా కూడా నీ చేతికిచ్చి నా దగ్గరికి పంపేవాడు," అంది. కోపంగా అనలేదు. దిండు ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ తనే చెప్పింది. "మీ బాబాయి పోయాక ఒకరోజు వండుకుందామని పొయ్యి ముందు నిలబడ్డా. ఏం వండుకోవాలో తెలియలేదు. ఆయనకిష్టమైనవి తెలుసు, వాడికిష్టమైనవి తెలుసు. అవే వండుకుని తిన్నాను, ఎవరింటికో చుట్టంగా వచ్చినట్టు. ఆకలి రుచెరగదంటారుగా. వండేదానికి ఆకలీ తెలియదు, రుచీ తెలియదు. పొద్దస్తమానం ఆ వాసనలోనే మునిగుంటే ఏం తెలుస్తుంది? అప్పుడు లేచి వీధిలోకెళ్ళా. సిగ్గేసింది. టీ కొట్టు ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగొచ్చేశా. మూడోసారి ఆవిడే పిలిచి కూర్చోబెట్టింది."

"కానీ కాన్పు కదా పిన్నీ. మరదలు ఒక్కర్తీ ఏం చేస్తుంది?"

"నేను రానన్నానా? వెళ్తా. పిల్లని ఎత్తుకుంటా, రాత్రిళ్ళు మేలుకుంటా, పాటలు పాడతా. గరిటె మాత్రం ఎత్తను. వాడికి చేతుల్లేవా? ఆ తర్వాత మళ్ళీ నా కిటికీ దగ్గరికి నేనొచ్చేస్తా." ఆమె వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. వాళ్ళు పంపిన మాట చెప్పావు. నీ మాట ఏమిటి?"

ఆమె వెంటనే చెప్పలేకపోయింది. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరూ అలా అడిగి, ఆగి, ఎదురుచూసిన గుర్తు లేదు. ఆ పూటంతా ఇద్దరూ మళ్ళీ వీధిలో తిరిగారు. ఐస్‌క్రీం కొట్టులో కప్పు కాదు, కోనే కావాలంది. కారిపోతుంటే మోచేతి దాకా నాకింది. తీపి అంటే ఇష్టమేనని అక్కడ తేలిపోయింది. ఆఫీసులో ఆ అట్ట పెట్టె గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు కారు దిగాడు. ఎండకి చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి, కుర్చీలో కూలబడి, "ఆకలి దంచేస్తోంది అక్కా. ఏం వండావ్?" అన్నాడు. అన్నాక వెనక గది వైపు చూసి, మంచం చూసి, నాలుక కరుచుకున్నాడు. "ఏదో ఒకటి పక్కింట్లోనైనా వండి తేలేకపోయావా? ఈ పూటకే వస్తున్నానని బావ చెప్పలేదా?"

"లే, పోదాం," అంది పిన్ని చెప్పులు వేసుకుంటూ.

వీధి మధ్యలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు నడిపే సూపు కొట్టుంది. అక్కడ కూర్చోబెట్టారు. తల్లితో కలిసి ఎవరి కంట పడతానో అని తమ్ముడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సూపు, వేడి రొట్టె వచ్చాయి. ఆకలి మీదున్నాడు కాబట్టి సగం గిన్నె ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. ఎత్తాక మళ్ళీ దించలేదు. తల్లి తింటోంది. రొట్టె తుంచి, సూపులో ముంచి, కారబోతోందనగా చటుక్కున నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి నములుతోంది. గిన్నె ముందుకు తోసి, మిరియాలు ఇంకా చల్లించుకుంటోంది. అతను అలాగే చూస్తుండిపోయాడు. అతనెందుకలా చూస్తున్నాడో అక్కకి అర్థమైంది. పుట్టి బుద్ధెరిగి అతను తల్లి తినడం చూడలేదు. తను లేచి చెయ్యి కడుక్కున్నాక ఆ ఇంట్లో ఏం జరిగేదో అతనికి ఎప్పుడూ పట్టలేదు.

"అమ్మా, నీకు మిరియాలు అంత ఇష్టమా?"

"నాకూ ఈమధ్యే తెలిసిందిరా."

అతను స్పూను కిందపెట్టాడు. మూతి తుడుచుకుని, తెచ్చిన మాటలు బయటికి తీశాడు. నలుగురూ ఏమనుకుంటారు, వయసు మీద పడుతోంది, ఇంట్లో పెద్దదిక్కు ఉంటే బాగుంటుంది. పిన్ని తన మాట చెప్పింది. పిల్లని ఎత్తుకుంటాను, గరిటె ఎత్తనని. అతను సాయం కోసం అక్క వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పక్కా. అందుకేగా నిన్ను పంపింది. మరి ఇంట్లో వంటెవరు చేస్తారు?"

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. పిన్ని అడిగిన ప్రశ్నకి జవాబు ఇప్పుడు దొరికింది.

"నువ్వు చెయ్యి," అంది.

"నాకు రాదక్కా."

"నేను పుట్టినప్పుడు నాకూ రాదు."

గొంతు పెంచలేదు. రొట్టె ఇటు జరపమన్నంత మామూలుగా అంది. పక్కన నిలబడి వింటున్న సూపు కొట్టు చెల్లెలు గిన్నె నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు ఉలిక్కిపడ్డాడు, ఎర్రబడ్డాడు, ఆ తర్వాత ఏమనుకున్నాడో, ఓడిపోయిన పిల్లాడిలా తల గోక్కుని, "గుడ్డు ఉడకబెట్టడం వచ్చులే," అని గొణిగాడు. "అక్కణ్ణించి మొదలెట్టు," అంది పిన్ని. "నేను పక్కన కూర్చుని చెబుతా. కూర్చునే చెబుతా సుమా."

వెళ్ళేముందు భార్యకి ఏమైనా పట్టుకెళదామని బేకరీలో ఆగాడు. "ఏమిష్టం ఆ పిల్లకి?" అని పిన్ని అడిగితే దిక్కులు చూశాడు. ఫోన్ చేసి అడిగాడు. వినిపించుకుని, "ఏదైనా ఫర్వాలేదంటోంది," అన్నాడు తేలిగ్గా. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ అడుగు," అంది అక్క. "అడిగి ఆగు."

అతను మళ్ళీ అడిగాడు. ఆగాడు. చాలాసేపు అటు నుంచి ఏమీ రాలేదు కాబోలు, చెవికి ఫోన్ ఆనించుకుని అద్దాల బీరువాలో బిస్కెట్లు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అతని మొహం మెత్తబడింది. "నిమ్మకాయ కేకు. పుల్లగా ఉండాలిట. నెల రోజుల్నించీ తినాలనుందిట," అన్నాడు, తనకెవరూ చెప్పని రహస్యం విన్నవాడిలా. కాన్పు వారంలో వచ్చి తల్లిని తీసుకెళతానన్నాడు. కారు తలుపు తీసి, "నువ్వు ఎక్కక్కా," అన్నాడు. ఆమె చేతిలో సంచి లేదని అప్పుడు చూశాడు.

"నువ్వు వెళ్ళు. కేకు జాగ్రత్త," అంది ఆమె.

సెలవు బుధవారం దాకా పెట్టింది. పెట్టేటప్పుడు ఎందుకో ఆమెకే తెలియదు. కారు వంతెన దాటకముందే ఫోన్ మోగింది. తమ్ముడు అప్పుడే చెప్పేసినట్టున్నాడు.

"కారు ఖాళీగా వస్తోందట! ఎందుకుండిపోయావ్? అక్కడ ఇంకా ఏం పనుంది నీకు?" అన్నాడు భర్త. గొంతులో కోపం కన్నా తికమకే ఎక్కువగా ఉంది.

"పనేమీ లేదండీ. అందుకే ఉన్నాను."

అటువైపు "ఊఁ" కూడా లేదు. ఈసారి వింటున్నాడని ఆమెకి తెలిసింది. వీధి చివర నుంచి పిన్ని రమ్మని చెయ్యి ఊపుతోంది.

"బుధవారం సాయంత్రం బస్సుకి వస్తాను," అంది. "ఆకలితో వస్తాను."